పటమునకు చాలని గడి

చేర్యాల పటములను గూర్చి మీలో పలువురు వినియే యుందురు. సిద్దిపేట జిల్లాలోని ఆ యూరి పేర నేడు బజారులో దొరకునవి చిన్న చిత్రములు, మొగముల బొమ్మలు. కాని నకాషీ చిత్రకారుల పూర్వవృత్తి అది కాదు. కథ చెప్పి జీవించు కుటుంబములవారికి పొడవైన గుడ్డపటములను వ్రాసి యిచ్చుట వారి పని. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టుబంక కలిపి పూసి, ఆరిన పిమ్మట ఎఱ్ఱని నేలపై కథను వరుసవరుసగా చిత్రింతురు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము వినిపించు కూనపులివారు, ముదిరాజులకు కులకథ చెప్పు కాకిపడిగెలవారు ఈ పటములను చుట్టగా చుట్టి ఊరూర మోసికొనిపోయి, రాత్రివేళ కఱ్ఱలకు కట్టి, ఒక్కొక్క వరుసనే విప్పుచు కథ నడుపుదురు. పటము శిథిలమైనచో దానిని పారవేయుట లేదు. క్రొత్త పటము వ్రాయించుకొని, పాతదానికి మనిషికి చేసినట్లే కర్మ చేసి నదిలో విడిచెదరు.

అట్లు నదికి పోవలసిన మార్కండేయ పటమొకటి మా కంట బడినది. దానిని ఫోటోలు తీసి కంప్యూటరులో పదిలపరుపవలెనని మేము కొందరము మిత్రులము పూనుకొంటిమి. పటము గల పెద్దాయన మా మాట విని కొంతసేపు ఊరకుండెను. పిమ్మట, "ఫోటువలు తీసుకోండ్రి అయ్యా, కాదనను. గని ఐతారం నాడు గంగల కలుపుతం. ముందుకు జరుపుడు, ఎన్కకు జరుపుడు ఉండది" అనెను. అప్పటికి బుధవారము. మాకు దొరికినది నాలుగు దినములు. ఆ నాలుగు దినములలో మాకు తగిలిన చిక్కును, దాని మూలమును నేడు మీకు విన్నవింపదలచితిమి. ఇంటింట సెల్‌ఫోనులో ఫోటోలు దాచుకొను ఈ కాలమున ఇది ఏదో ఒకనాడు ఎవరికైనను తగులవచ్చును.

పటము వెడల్పు 3 అడుగులు, పొడవు 36 అడుగులు. కంప్యూటరులోని చిత్రము చుక్కల కూర్పు; ఆ చుక్కకు పిక్సెల్ అని పేరు. మేము దానిని బిందువు అని పిలిచెదము. అంగుళమునకు ఎన్ని బిందువులు తీసికొనవలెనన్నది మొదటి ప్రశ్న. నకాషీలు ఉడుత వెండ్రుకల కుంచెతో లాగిన గీతలు మిక్కిలి సన్ననివి. అవి నిలువవలెనన్నచో అంగుళమునకు 400 బిందువులకు తగ్గరాదని నిశ్చయించితిమి. లెక్క వేయగా వెడల్పున 14,400, పొడవున 1,72,800 బిందువులు తేలినవి. మొత్తము 248 కోట్ల 83 లక్షల బిందువులు. ఒక్కొక్క బిందువునకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పాళ్లు చెప్పుటకు మూడు బైట్లు పట్టును గనుక, చిత్రమంతయు కలిసి 746 కోట్ల బైట్లు. పటమును నేలమీద పరచి, ముక్కముక్కగా ఫోటోలు తీసి, సాఫ్టువేరు సాయమున వానిని అతికి ఒకే చిత్రముగా చేయుటకు గురు, శుక్రవారములు చెల్లిపోయినవి.

ఇంతటి బరువును కుదింపక మోయుట కష్టము. అందరి ఫోనులలో తెఱచుకొను ఫోటోలలో పెక్కింటికి జేపెగ్ అను కుదింపు రూపమే కలదు. ఈ కుదింపునకు మూలమైన గణితమును 1974 జనవరిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు ప్రకటించిరి. చిత్రమును అడ్డముగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది బిందువుల చదరములుగా విడదీసి, ఒక్కొక్క చదరములో వన్నె ఎంత మెల్లగా, ఎంత వేగముగా మారుచున్నదో లెక్కించి, కంటికి అంతగా ఆనని సూక్ష్మభేదములను ముతకగా వ్రాసికొనుటయే దీని యుక్తి. మెలకువతో చేసినచో సుమారు పదవ వంతునకు బరువు తగ్గినను కన్ను పోల్చుకొనలేదు. మా పటము 75 కోట్ల బైట్లకు దిగునని ఆశించితిమి. అంత బరువు చిన్న పెన్‌డ్రైవులో పట్టును, ఆ యింటి పిల్లలకును ఒక ప్రతి ఇయ్యవచ్చును.

శనివారము ఉదయమున చిత్రమును జేపెగ్‌గా భద్రపరుపుమని సాఫ్టువేరును ఆజ్ఞాపించితిమి. అది ఒప్పుకొనలేదు. పొడవు 65,500 బిందువులకు మించినదనియు, తగ్గించి వ్రాయుదునా యనియు అడిగెను. మాలో చిన్నవాడు, తొందరలో, సరే యనెను. నిమిషములలో పని ముగిసినది. తెఱమీద చూడగా పటము పైనుండి క్రిందివరకు చక్కగా కనబడినది. మేము సంతోషించితిమి. సంతోషింపక ఏమి? తెఱకు నిలువున ఉన్నవి రెండువేల బిందువులైనను లేవు. దానిమీద అరువది యైదువేలైనను, లక్షా డెబ్బదివేలైనను ఒక్క తీరుననే కానవచ్చును.

మా తప్పును పట్టినవాడు పెద్దాయన. చిత్రమును పెద్దది చేసి చూపుమనెను. మార్కండేయుడు శివలింగమును కౌగిలించుకొని యుండగా యముడు పాశము విసరు ఘట్టమది. కండ్లు చికిలించి చూచి, "యముని తాడుకు పేటలుండాలె గద అయ్యా. ఈడ ఉత్త గీతనే ఉన్నది" అనెను. నేలమీద పరచియున్న పటము దగ్గరకు పోయి చూచితిమి. పాశములో మూడు పేటలు, వాని నడుమ సన్నని నల్లని మెలికలు స్పష్టముగా నున్నవి. మా ఫైలులో లేవు. లెక్క చూచుకొనగా, 36 అడుగులను 65,500 బిందువులలో ఇమిడ్చినందున అంగుళమునకు 151 బిందువులు మాత్రమే మిగిలినవి. పొడవు తగ్గినప్పుడు వెడల్పును అదే పాలున తగ్గును గనుక, మేము తీసిన బిందువులలో ఏడింట ఒక వంతు మాత్రమే నిలిచినది. తక్కిన ఆరు వంతులు ఒక్క "సరే"తో పోయినవి.

బరువును మోయలేక సాఫ్టువేరు ఇట్లు చేసినదని మొదట అనుకొంటిమి. అది నిజము కాదు. డిస్కులో చోటు చాలినంత కలదు. కుదించిన చిత్రము బరువును ఎక్కువ కాదు. చిక్కంతయు ఒక సంఖ్యను వ్రాసికొను చోటిది. జేపెగ్ ఫైలు ఆరంభభాగమున, చిత్రము ఎత్తు ఎంత, వెడల్పు ఎంత అని రెండు సంఖ్యలు వ్రాసియుండును. ఒక్కొక్క సంఖ్యకు కేటాయించినవి రెండు బైట్లు, అనగా పదునారు గడులు. బ్యాంకు చలానాలో సొమ్ము వ్రాయుటకు ఐదు గడులే అచ్చువేసియున్నచో 99,999 రూపాయలకు మించి వ్రాయలేము. ఇనుపపెట్టెలో ఎంత సొమ్మున్నను చలానాకు దానితో పని లేదు. కంప్యూటరు సున్న, ఒకటి అను రెండంకెలనే యెఱుగును గనుక దాని పదునారు గడులలో ఇముడు మిక్కిలి పెద్ద సంఖ్య 65,535. మా పటము 1,72,800. గడులు చాలవు.

మఱి సాఫ్టువేరు 65,535 అనక 65,500 అనుటకు కారణమేమి? జేపెగ్‌ను వ్రాయు పనిని పెక్కు సాఫ్టువేర్లు స్వయముగా చేయవు. స్వతంత్ర జేపెగ్ బృందము అనువారు 1991లో తొలిసారి వెలువరించి అందరికిని ఉచితముగా ఇచ్చిన పరికరముల పెట్టెను గాని, దానినుండి పుట్టినవానిని గాని వాడుకొనును. లెక్కలు అంచు దాటి పొరలిపోకుండుటకై ఆ కర్తలు హద్దును 65,500 వద్ద నిలిపిరి. మూలనిబంధన అనుమతించినదానికంటె ముప్పదియైదు తక్కువ. గట్టు తెగునను భయమున చెఱువును అంచువరకు నింపని రైతు జాగ్రత్త వంటిది.

పదునారు గడులు నిర్ణయించినవారిని నిందించుట మాకు న్యాయముగా తోచదు. జేపెగ్ సంఘము ఏర్పడినది 1986లో. నిబంధన వెలువడినది 1992లో. ఆనాడు వారు పరీక్షకు పెట్టుకొన్న చిత్రములు 720 బిందువుల వెడల్పు, 576 బిందువుల ఎత్తు గలవి. మొత్తము నాలుగు లక్షల చిల్లర. అట్టివానితో దినమంతయు గడుపువారికి అరువదియైదువేలు ఆకాశమంత దూరముగా కనబడియుండును. అయినను ఆ హద్దు మావంటివారికే కాదు, ఆకాశమును చూచువారికిని తగిలినది. హబుల్ దూరదర్శినితో తీసిన ఆండ్రొమెడా నక్షత్రమండలపు మహాచిత్రమును 2015 జనవరిలో విడుదల చేసిరి. 411 దిక్కులకు దూరదర్శినిని త్రిప్పి, 7,398 మార్లు తీసి, అతికిన చిత్రమది. దాని కొలతలు 69,536, 22,230. జేపెగ్ గడికి 4,001 బిందువులు ఎక్కువ! పది కోట్లకు పైబడిన నక్షత్రములున్న చిత్రము ఒక ప్రక్క నాలుగువేల చుక్కల పాటి పొడవై, అందరెఱిగిన రూపమున నిండు కొలతతో ఇముడదు.

జేపెగ్ కానిచో మఱియొకటి గలదు కదా యని మీరనవచ్చును. మేమును ఆ శనివారము మధ్యాహ్నమంతయు అదే వెదకితిమి. హద్దులను మా పటము మీది అడుగులలో చెప్పినచో సులభముగా తెలియును. జేపెగ్ గడిలో 13 అడుగుల 8 అంగుళముల పటము పట్టును. వెబ్‌పీ అని 2010లో గూగుల్ సంస్థ తెచ్చిన రూపము కలదు. క్రొత్తది గనుక మేలైనదని దాని వంక చూచితిమి. దానిలో గడులు పదునాలుగే! హద్దు 16,383. మా పటములో 3 అడుగుల 5 అంగుళములకే అది ఆగిపోవును. పదునెనిమిది యేండ్ల తరువాత పుట్టినది పాతదానికంటె ఇఱుకైనదగుట మాకు వింతగా తోచెను గాని, అది తెఱమీద చూపు చిన్న చిత్రములకై పుట్టినది, పటములకై కాదు. ఫోటోషాప్ వారి పాత రూపమైన పీఎస్‌డీ 30,000 బిందువులకు, అనగా 6 అడుగుల 3 అంగుళములకు ఆగును. వారి పెద్ద రూపమైన పీఎస్‌బీ 3,00,000 వరకు ఒప్పును గాని, దానిని తెఱచు సాఫ్టువేరు ఆ యింటి పిల్లల ఫోనులో ఉండదు. పీఎన్‌జీ రూపమున ముప్పదియొక్క గడులు. అంగుళమునకు 400 బిందువుల చొప్పున సుమారు 136 కిలోమీటర్ల పటము పట్టును. హైదరాబాదులో విప్ప మొదలిడినచో దాదాపు వరంగల్లు చేరును. కాని అది ఏ భేదమును విడువని కుదింపు గనుక బరువు బాగుగా తగ్గదు. జేపెగ్ 2000, జేపెగ్ ఎక్స్ఎల్ అను తరువాతి రూపములకు హద్దులు కోట్లలో నున్నవి, కుదింపును మంచిదే. అయితే వానిని తెఱవలేని యంత్రములు ఇప్పటికిని పెక్కులు.

టిఫ్ అను పాత రూపమును గ్రంథాలయములవారు, చిత్రశాలలవారు మిక్కిలి నమ్ముదురు. దానిలో కొలతలకు గడులు ధారాళముగా నున్నవి. కాని అక్కడ వేరొక గడి ఇఱుకు: ఫైలులో ఏ భాగము ఎక్కడ మొదలగునో చెప్పు సంఖ్యకు ముప్పదిరెండు గడులే గనుక ఫైలంతయు 429 కోట్ల బైట్లకు మించరాదు. కుదింపని మా చిత్రము 746 కోట్లు. ఒకచోట పొడవు అడ్డు, మఱియొకచోట బరువు అడ్డు. సాయంకాలము నాలుగు గంటలైనది.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. కుదించిన ఫైలు బరువును చూచి చిత్రము చిన్నదనుకొనరాదు. తెఱచునప్పుడు కుదింపు విడి, మొత్తము 746 కోట్ల బైట్లును కంప్యూటరు జ్ఞాపకశాలలోనికి రావలెను. మడిచిన పందిరిగుడ్డ చంకలో ఇమిడినను, పరచుటకు వాకిలంతయు కావలసినట్లే. అందుచేతనే కొన్ని సాఫ్టువేర్లు ఫైలు రూపము అనుమతించినను తాము స్వయముగా హద్దు పెట్టుకొనును. పైథాన్ భాషవారు విరివిగా వాడు పిల్లో అను పరికరము సుమారు 8 కోట్ల 94 లక్షల బిందువులు దాటగానే హెచ్చరించును, దానికి ఇబ్బడి దాటినచో తెఱవ నిరాకరించును. ఇది లోభము కాదు. దుర్బుద్ధి గలవారు చిన్న ఫైలులో కొండంత చిత్రమును మడిచి పంపి, ఎదుటివారి యంత్రమును కూలద్రోయగలరు గనుక పెట్టుకొన్న కాపలా. కాని నిజమైన పటమునకును, ఆ మాయపటమునకును కాపలాదారు భేదము చూడడు. తెలిసి అడిగినచో ఆ హద్దును సడలింపవచ్చును.

మాకు దారి చూపినది పటమే. పెద్దాయన తన కథను ఎన్నడును ముప్పదియాఱు అడుగులు ఒక్కసారి పరచి చెప్పడు. కావలసిన వరుసనే విప్పి, తక్కినది చుట్టయందే ఉంచును. పెద్ద చిత్రములను దాచువారు చేయుచున్నదియు అదే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియమువారు రెంబ్రాంట్ చిత్రించిన "నైట్ వాచ్"ను 8,439 ఫోటోలుగా తీసి, 71,700 కోట్ల బిందువుల చిత్రముగా 2022 జనవరిలో ప్రకటించిరి. అట్టిదానిని ఏ ఇంటి కంప్యూటరును ఒక్కసారి తెఱవలేదు. చూచువాని తెఱకు చాలిన ముక్కలు మాత్రము, అతడు కన్ను త్రిప్పిన దిక్కునుండి, అప్పటికప్పుడు వచ్చును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు 2009 నుండి నడపుచున్న "భువన్" పటములును ఇట్లే ముక్కలుగా మన యింటికి చేరును.

టిఫ్ రూపమునకు ఈ పలకల పద్ధతి 1992 నుండి యెఱుకే. చిత్రమును 512 బిందువుల చదరపు పలకలుగా కోసి, ఒక్కొక్క పలకను వేఱు వేఱుగా జేపెగ్ పద్ధతిని కుదించి, అన్నింటిని ఒకే టిఫ్ ఫైలులో పెట్టవచ్చును. అప్పుడు జేపెగ్ గడిలో వ్రాయవలసిన సంఖ్య 512 మాత్రమే. పటము పొడవుతో దానికి పని లేదు. బరువు పదవ వంతునకు దిగును గనుక 429 కోట్ల హద్దును అడ్డురాదు. మా పటము అడ్డమునకు 29, నిలువునకు 338, మొత్తము 9,802 పలకలైనది. దూరమునుండి చూచుటకై సగము కొలత ప్రతి, దానిలో సగము, మరల దానిలో సగము చేర్చితిమి. ఎన్ని చేర్చినను వీని బరువంతయు కలిసి మూలములో మూడవ వంతునకు మించదు. ఇది పిల్లలకు ఇచ్చుటకు, ప్రజలకు చూపుటకు.

మూలప్రతి సంగతి వేఱు. దానిలో ఏ భేదమును విడువరాదని మా పట్టు. టిఫ్‌నకు గడులు పెంచి, అరువదినాలుగు చేసిన బిగ్‌టిఫ్ అను రూపము 2011 నుండి అందరును వాడు టిఫ్ పరికరముల పెట్టెలోనే చేరియున్నది. మూలచిత్రమును నష్టము లేని కుదింపుతో అందులో వ్రాసితిమి. అతుకకముందు తీసిన విడి ఫోటోలను ముట్టుకొనక, రెండు డిస్కులలో వేఱుగా ఉంచితిమి. చిన్నవాడు ఉదయమున "సరే" యన్నప్పుడు ఆ విడి ఫోటోలు తుడిచివేయక యుండుట మా భాగ్యమే గాని మా ముందుచూపు కాదని ఒప్పుకొనవలెను. డిస్కు నిండుచున్నదని తుడుపబోయి, భోజనమునకు పిలిచినందున లేచితిమి.

శనివారము రాత్రి పదకొండు గంటలకు రెండు ఫైలులును వ్రాయుట ముగిసినది. ఈసారి తెఱమీది నిండు చిత్రమును చూచి మోసపోలేదు. మొదట కొలతలు చదివితిమి: 14,400, 1,72,800. ఆ పిమ్మట వేరొక కంప్యూటరులో, వేరొక సాఫ్టువేరుతో తెఱచి, పై అంచు, నడుమ, అడుగు అంచు మూడుచోట్ల నిండు కొలతకు పెంచి, ప్రక్కన పటమును పెట్టుకొని గీతకు గీత సరిచూచితిమి. మాలో ఒకరు పటము మీద వ్రేలు పెట్టి చెప్పుచుండగా మఱియొకరు తెఱమీద వెదకుట. అడుగు వరుసలో, గుడ్డ చివికి రంగు రాలినచోట, నూలుపోగులు ఒక్కొక్కటిగా లెక్కింప వీలైనది.

ఆదివారము తెల్లవాఱక ముందే పెద్దాయన వచ్చి తెఱ ముందు కూర్చుండెను. యముని పాశము చూపితిమి. దగ్గరకు వంగి, పెదవులు కదుపుచు, "ఒకటి, రెండు, మూడు" అని పేటలు లెక్కపెట్టుకొనెను. పిమ్మట లేచి, కొడుకును పిలిచి, పటమును చుట్టుమనెను.